సున్నా ఎక్కడుంది

మూత విప్పగానే చేపల వాసన.
ఫ్యాను రెక్కకి ఒక పొలుసు అంటుకుని ఉంది,
ఇంకా మెరుస్తోంది.
"ఫిషింగ్ హార్బరుదే కదా" అన్నాను.
"నాను సెప్పకుండానే!" అన్నాడు మైలపల్లి పోలయ్య,
ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడు.
మా దుకాణం డాబాగార్డెన్స్‌లో మెట్ల కింద.
లోపల ఇద్దరుంటే మూడో మనిషి రోడ్డు మీదే,
అందుకని అతను రోడ్డు మీద.

"సెయ్యెట్టకు" అన్నారు గంగునాయుడు మాస్టారు.
ప్లగ్గు పీకి అరగంటైందన్నాను.
"పీకేసిన దాన్నే ఎక్కువ నమ్మకూడదు."
షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి.
చూపుడువేలికి గోరు లేదు,
ఎలా పోయిందో అడిగినప్పుడల్లా వేరే కథ.
బల్బు తీగలు రెండూ ఆ లావుపాటి కెపాసిటరుకి ఆనించారు.
అరవై వాట్ల బల్బు
ఒక్కసారి కళ్ళు తెరిచి మూసింది.
మూడొందల వోల్టులు మింగి
అంతసేపూ మాట్లాడకుండా కూర్చుంది, చూడండి.

చేరిన రోజున మీటరు చేతికిచ్చి
ఈ తీగలో ఎంతుందో చెప్పమన్నారు.
ఎర్రముల్లు ఒక్కటే పెట్టాను. ఏమీ లేదన్నాను.
ఆయన నవ్వలేదు.
"వోల్టేజి ఒక్కచోట ఉండదు గుంటా,
రెండు చోట్ల మధ్యని ఉంటాది.
ముందు సున్నా ఎక్కడుందో ఎతుక్కో."

మా ఇల్లు కంచరపాలెం కొండ మీద, నూట పన్నెండో మెట్టు.
కింద కొళాయిలో నీళ్ళు బిందె అడుగుని మోగిస్తాయి.
మా మలుపుకొచ్చేసరికి దారం.
గొట్టం అదే, నీళ్ళూ అవే.
"ఈయేళ నీళ్ళకి బలం లేదే" అంటుంది అమ్మ.
అది చెబితే మాస్టారు
"మీయమ్మ దగ్గరే నేర్సుకోవాల్సింది" అన్నారు.
రైల్వే స్టేషను పలక మీద
సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది.
రోజూ దాటిపోయేదాన్ని.
ఆ సాయంత్రం ఆగి చదివాను.
ఈ ఊరికి నల్లతీగ సముద్రం.

గోడలోంచి వచ్చే కరెంటు
సెకనుకి నూరుసార్లు వెనక్కి తిరుగుతుంది.
నాలుగు డయోడ్లు నిలబడి
వెళ్ళిపోయే అలని కూడా ఒడ్డుకే తోలుతాయి.
ఆ తర్వాత దాన్ని తరుగుతారు,
జెట్టీ మీద కత్తిపీటల ముందు ఆడవాళ్ళలా, చాలా వేగంగా,
సెకనుకి వేల ముక్కలు.
పసుపు తీగకి పన్నెండు, ఎర్రదానికి ఐదు,
నారింజకి మూడు పైన కొంచెం.
ఎవరి వాటా వాళ్ళకి. ఎక్కువిస్తే చస్తారు.

బోర్డు మీద రాగి పచ్చబడిపోయింది. ఉప్పుగాలి.
పోయిన ఎండాకాలం దుకాణం వెనక ఎర్తు గుంతలో
బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా నేనే పోశాను.
అక్కడ ఉప్పు తగ్గితే నేల కరెంటుని పట్టదు.
ఇక్కడ చేరితే పోలయ్య కంప్యూటరు లేవదు.
ఈ రెండిటి గురించీ ఏదో చెప్పాలనుంది,
ఏమిటో తెలీలేదు. బ్రష్షు తీసుకున్నాను.

నెత్తి ఉబ్బిన కెపాసిటర్లు రెండు మార్చాను.
ఆకుపచ్చ తీగనీ నల్లదాన్నీ
వైరు ముక్కతో కలిపాను.
ఫ్యాను తటపటాయించి, తిరిగింది.
నల్లముల్లు ముందు.
తర్వాత ఎర్రది.
పదకొండు పాయింటు తొమ్మిది ఎనిమిది.
"సాలు" అన్నారు మాస్టారు, టీ వైపు తిరిగి.

తెర వెలిగింది గానీ
అది ఎప్పటిదో జనవరి ఒకటి దగ్గరే ఉంది.
లోపలి బిళ్ళ బ్యాటరీ కూడా పోయినట్టుంది.
"ఈరోజు తారీఖెంత?" అని అరిచాను రోడ్డు మీదకి.
పోలయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.
"వేట నిషేధం ఎత్తేసి మూడో రోజు."

జూన్ పదిహేడు అని కొట్టాను.
పొలుసు ఇంకా నా బొటనవేలికే ఉంది.